డ్వేన్ అమ్మిన గ్రిల్

చేతికి కట్టుతో ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు వెర్నా మా వీధిలో ఎవరితోనూ మాట్లాడలేదు. సిగ్గు. మిషిగన్ మంచులో ఏళ్ళ తరబడి స్కూలు బస్సు నడిపి, ఒక్క పిల్లకి గీత కూడా పడనివ్వని మనిషి ఆమె. అలాంటిది గ్రిల్ వెలిగించడం చేతగాక చెయ్యి కాల్చుకుంది అనుకుంటారని ఆమె బాధ. కోపం తర్వాత వచ్చింది.

పెరట్లో మాంసం కాల్చుకునే ఆ గ్యాస్ గ్రిల్‌ని మే నెలలో డ్వేన్ దగ్గర కొంది. డ్వేన్ ఇల్లు వెర్నా వాళ్ళకి రెండిళ్ళ అవతల, మా ఇంటికి ఎదురుగా. ఇంటి ముందు పాత సామాన్లన్నీ పరిచి అమ్ముతున్నాడు. గ్రిల్ మూత మీద తుప్పు పొక్కులు పొక్కులుగా లేచి ఉంది.

"పైన చూసి భయపడకు వెర్నా. లోపల బంగారం" అన్నాడు.

"మరి నువ్వెందుకు అమ్ముతున్నావ్?"

"కొత్తది కొన్నాం కదా, రెండెందుకు!"

మరుసటి ఆదివారం వెర్నా మూత తెరిచి, నాబ్ తిప్పి, వెలిగించింది. మంట పైన రావలసిన చోట రాలేదు. నాబ్ వెనక నుంచి బుస్సుమని ఎగజిమ్మి ఆమె కుడిచేతిని, కనుబొమల్ని కాల్చేసింది. భర్త కర్టిస్ పరుగెత్తుకొచ్చి సిలిండర్ కట్టెయ్యబట్టి అంతటితో ఆగింది.

వారం తర్వాత డ్వేన్ భార్య మార్జీ, ట్యూనా చేప, నూడుల్స్ కలిపి వండిన గిన్నె పట్టుకుని పరామర్శకి వచ్చింది. కట్టు మార్చుకుంటున్న వెర్నా చెయ్యి చూసి నోరు నొక్కుకుంది.

"అయ్యో తల్లీ, డ్వేన్‌కీ సరిగ్గా అక్కడే కదూ..."

"ఏమిటీ?"

మార్జీ గిన్నె బల్ల మీద పెట్టింది. ఇంక వెనక్కి తీసుకునే మాట కాదది.

"పోయిన వేసవిలో. మోచేతి దాకా వెంట్రుకలన్నీ మాడిపోయాయి. ఆ రోజు నుంచి దాన్ని ముట్టుకోలేదు. నీకు చెప్పే ఉంటాడనుకున్నాను వెర్నా, ఒట్టు!"

వెర్నా చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. డ్వేన్ యంత్రంతో పచ్చిక కోస్తున్నాడు. ఆ యంత్రం హోరులోనూ ఆమె కేక మా వంటింట్లోకి వినిపించింది.

"నీకు తెలుసా, తెలియదా? అది చెప్పు!"

డ్వేన్ యంత్రం ఆపాడు. "పాత సామాను అంటేనే చూసుకుని కొనుక్కోవడం వెర్నా. నేను బలవంతపెట్టానా?"

"నేను తుప్పు చూశాను. మంట సంగతి నువ్వు దాచావు."

"సరే, సరే. అరవకు. తెచ్చెయ్, వెనక్కి తీసుకుంటాను."

"తీసుకుని ఎవరికి అంటగడతావయ్యా?"

డ్వేన్ చూపు వీధి చివరి ఇంటి వైపు వెళ్ళింది. ఆ ఇంట్లోకి చంటిపిల్లతో కొత్తగా ఒక జంట దిగింది. అది చూశాక వెర్నాకి ఒళ్ళు మండిపోయింది. అతని కాళ్ళ దగ్గర ఉమ్మి వెనక్కి తిరిగింది.

"పోనీలే. చెత్తబండి వచ్చే రోజు బయట పెట్టేద్దాం" అన్నాడు కర్టిస్. అతనిది నెమ్మదైన స్వభావం.

"పెడితే? పాత ఇనుము ఏరుకునేవాడు పట్టుకుపోయి ఇంకొకరికి అమ్ముతాడు. ఇంకొకరి చెయ్యి కాలుతుంది. అది నా పెరట్లోంచి కదలదు."

ముక్కలు చేసెయ్యాలని సుత్తి తెచ్చింది. ఎడమచేత్తో ఎత్తింది కూడా. కానీ తన చెయ్యి ఎందుకు కాలిందో తెలియకుండా దాన్ని పగలగొట్టడానికి మనసొప్పలేదు. సుత్తి కింద పెట్టి స్క్రూడ్రైవర్ అందుకుంది.

లోపల బర్నర్లు తుప్పు తిని చిల్లులు పడ్డాయి. బర్నర్లలోకి గ్యాస్ తీసుకెళ్ళే గొట్టాల్లో సాలీడు గూడు కట్టింది, దూది కూరినట్టు తెల్లగా. గ్యాస్‌కి ముందుకు దారి లేక వెనక్కి తన్నింది. సీసాలు కడిగే సన్నటి బ్రష్ దూర్చి లాగితే గూడు మొత్తం ఊడి వచ్చేసింది.

వెర్నా దాన్ని అరచేతిలో పెట్టి భర్తకి చూపించింది. "ఇంతే కర్టిస్! వాడు ఒక్క పూట కూర్చుని ఈ పని చేసుంటే సరిపోయేది. చెయ్యకపోతే పోనీ, నోరు తెరిచి ఒక్క మాట చెప్పినా సరిపోయేది!"

వేసవంతా ఆ కోపంతోనే పని చేసింది. తీగల బ్రష్‌తో మూత రుద్దుతుంటే ఎర్రటి పొడి ఎగిరి ఆమె చొక్కా మీద, జుట్టులో పడేది. కుడిచేతి వేళ్ళు ఇంకా సరిగ్గా ముడుచుకోవు కాబట్టి కర్టిస్ పట్టుకారులా పక్కన నిలబడి ముక్కలు పట్టుకునేవాడు.

"అది డ్వేన్ మొహం కాదే, కాస్త మెల్లగా" అన్నాడొకసారి.

"మొహమైతే ఇంత జాగ్రత్తగా రుద్దుతానా?"

జిడ్డు పట్టిన కడ్డీలు వంటసోడా కలిపిన నీళ్ళలో నానబెట్టింది. బర్నర్లు, రబ్బరు గొట్టం కొత్తవి వేసింది. వేడికి ఊడని నల్లరంగు కొట్టింది. చివర్లో అతుకు అతుకుకీ సబ్బునీళ్ళు పూసి, గ్యాస్ వదిలి, బుడగ లేస్తుందేమోనని కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఒకచోట లేచింది. తిట్టుకుంటూ మళ్ళీ విప్పి బిగించింది.

సెప్టెంబరు మొదట్లో, ఇక్కడి కార్మికుల దినం సెలవు రోజున, ఏటా బండ్లు రాకుండా మా వీధికి అడ్డం పెట్టి అందరం కలిసి వండుకుంటాం. వెర్నా గ్రిల్‌ని తోసుకుంటూ వచ్చింది. నల్లగా మెరుస్తోంది. డ్వేన్ కాగితం పళ్ళెం చేత్తో పట్టుకుని, ఏమీ జరగనట్టే నవ్వుతూ దగ్గరికొచ్చాడు.

"చూశారా! లోపల బంగారం అని చెప్పానా, లేదా?"

వెర్నా పొడుగు లైటర్ తీసి అతని ముందుకు చాచింది.

"అయితే నువ్వే వెలిగించు."

"నాకెందుకు? నీ గ్రిల్ కదా."

"బంగారమన్నావుగా. వెలిగించు."

డ్వేన్ చెయ్యి లైటర్ దాకా వచ్చి వెనక్కి పోయింది. చొక్కా చేతుల్ని మణికట్టు దాకా లాక్కున్నాడు.

"వెలిగించు డ్వేన్" అంది మార్జీ, కుర్చీలోంచి లేవకుండానే.

"భయంగా ఉంది" అన్నాడతను, మెల్లగా. "చాలునా? చెబితే ఎవరూ కొనరని చెప్పలేదు. చాలునా?"

"చాలదు" అంది వెర్నా.

మచ్చలు పడిన చేత్తో తనే నాబ్ తిప్పి వెలిగించింది. బర్నర్ల పొడుగునా నీలిమంట సమంగా పరుచుకుంది. సాసేజీలు కాల్చి అందరికీ పెట్టింది. మార్జీకి రెండు వేసింది. డ్వేన్ ఖాళీ పళ్ళెంతో కాసేపు నిలబడి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వాళ్ళిద్దరికీ మాటల్లేవు. కానీ ప్రతి వసంతంలోనూ వీధిలో వాళ్ళు గ్రిల్ బయటికి తీయగానే వెర్నాని పిలుస్తారు. ఆమె బ్రష్ పట్టుకొచ్చి, "ఏడాదికోసారి ఈ మాత్రం చూసుకోలేరా?" అని చెడామడా తిడుతూ గొట్టాలు శుభ్రం చేస్తుంది.

మొన్న ఏప్రిల్‌లో మార్జీ తమ కొత్త గ్రిల్‌ని తనే తోసుకుంటూ తెచ్చింది. గుమ్మంలో నిలబడి, "చెయ్యనంటే చెయ్యననే చెప్పు, ఏమీ అనుకోను" అంది.

వెర్నా దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"దీన్ని వెలిగించేది ఎవరు?"

"నేనే. డ్వేన్ దగ్గరికి రాడు."

"అయితే ఇలా తే" అని వెర్నా మెట్ల మీద కూర్చుని మూత తెరిచింది.