ముందు సీట్లో పది నెలల బిడ్డ

2023 మే నెల. తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన నాకొక కార్ ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. మొదట్లో హారన్లు, డైనమోలు, వైపర్ మోటార్లు బాగుచేసేవాణ్ణి. తర్వాత సెన్సార్లు, కెమెరాలు వచ్చాయి. ఈ మధ్య చైల్డ్ సీట్లు కూడా బిగిస్తున్నాను. చైల్డ్ సీటంటే పసిబిడ్డను కారులో పట్టీలతో కట్టి కూర్చోబెట్టే చిన్న కుర్చీ. పెట్టెలో వచ్చే పుస్తకాన్ని ఎవరూ చదవరు, పెట్టెతో సహా తెచ్చి బిగించమని నా ముందు పెడతారు. నాకు కోపం ఎక్కువని ఈ రోడ్డులో అందరికీ తెలుసు. ఆ కోపం రావలసిన రోజున రాలేదు.

ఆ రోజు పొద్దున ఎనిమిదిన్నరకు కార్వేటినగరం నుంచి హరినాథ్ వచ్చాడు. మామిడి తోటలున్న రైతు, ముప్పై దాటిన కుర్రాడు. అంతకు ముందు వాళ్ల కారుకు రివర్స్ కెమెరా పెట్టింది నేనే. వెంట భార్య సుజాత, పది నెలల పాప, సుజాత తల్లి గోవిందమ్మ ఉన్నారు. పాపకు పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమలకు పోతున్నారు. బెంగళూరులో ఉండే సుజాత తమ్ముడు మేనకోడలికని చైల్డ్ సీటు కొని పంపించాడు. అతను నేరుగా కొండకే వస్తాడట, మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి వెంట్రుకలు తీయించాలి కదా. సీటు మాత్రం డిక్కీలో పెట్టె విప్పకుండా ఉంది.

"ఇంతదూరం బిడ్డ ఎట్లా వచ్చింది?" అని అడిగాను.

"నా ఒళ్లో. ముందు సీట్లో," అంది గోవిందమ్మ, అదేం ప్రశ్న అన్నట్టు.

"అక్కా, ఠక్కున బ్రేకేస్తే నువ్వెంత గట్టిగా పట్టుకున్నా బిడ్డ చేతుల్లో నిలవదు. ఇంకెప్పుడూ అట్లా కూసోవద్దు," అని చెప్పి సీటు బయటికి తీశాను. వెనక సీట్లో, వెనక్కి తిప్పి పెట్టబోయాను. ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అదేందప్పా, కుర్చీ ఎనక్కి తిప్పి పెడతాండావే?"

"పసిబిడ్డ మెడ నిలవదక్కా. కారు గుద్దుకుంటే తల ముందుకు ఇసురుతాది. ఎనక్కి తిరిగి ఉంటే తలా వీపూ అంతా కుర్చీనే పట్టుకుంటాది."

"అయ్యో దేవుడా! మొదటిసారి కొండెక్కుతాంది నా మనవరాలు. స్వామికి వీపు పెట్టి పోతాదా? గుళ్లోంచి వచ్చేటప్పుడు గూడా మనం వీపు సూపించకుండా ఎనక్కి నడిచొస్తాం గదా!"

ఇంత పెద్ద అభ్యంతరం నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. అయినా నాకు నోటికి కొదవ లేదు.

"అక్కా, ఘాట్ రోడ్డులో ఎన్ని మలుపులుండాయి? ఒక మలుపులో కొండ నీ ఎదురుగా ఉంటాది, ఇంకో మలుపులో నీ ఎనకాలుంటాది. నువ్వు ముందుకు తిరిగి కూసున్నా సగం దోవ స్వామికి వీపు పెట్టే పోతాండావు. ఇన్నేండ్లుగా స్వామి నిన్నేమన్నా అన్నాడా?"

సుజాత పక్కున నవ్వింది. గోవిందమ్మ కాసేపు నన్ను ఎగాదిగా చూసి, తర్వాత ఆమె కూడా నవ్వేసింది. "నోరుండోడివేప్పా నువ్వు! సరే, ఎనక్కి తిప్పుకో. కానీ బిడ్డను ఎనక సీట్లో మూలకు మాత్రం ఎయ్యొద్దు. స్వామి దగ్గరికి పోయే బిడ్డ ముందరుండాల. నేను ఎనక కూసుంటా. అది నా మొగమన్నా సూసుకుంటా పోతాది."

ఇక్కడే నేను గట్టిగా కాదనాల్సింది. పిల్లల సీటుకు సరైన చోటు వెనక సీటేనని నాకు తెలుసు. కానీ పెద్దామెను మాటతో గెలిచానన్న సంబరంలో ఉన్నాను. షాపు ముందు ఇంకో రెండు బండ్లు ఆగి ఉన్నాయి. పైగా ఆ కారుకు ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్‌ను ఆపే స్విచ్ ఉంది, ఆపేస్తే సరిపోతుందిలే అనుకున్నాను. సగం గెలిచినవాడు మిగతా సగం ఉదారంగా ఇచ్చేస్తాడు చూడండి, అలా ఇచ్చేశాను.

ఈ ఎయిర్‌బ్యాగ్ సంగతి కాస్త చెప్పాలి. డ్రైవరు పక్క సీటుకు ఎదురుగా, డాష్‌బోర్డు లోపల గుడ్డసంచి మడతపెట్టి ఉంటుంది. కారు గట్టిగా గుద్దుకుంటే రెప్పపాటులో గ్యాసు నిండి, మూత చీల్చుకుని బయటికి దూసుకొస్తుంది. బెల్టు పెట్టుకుని, సీటుకు ఆనుకుని కూర్చున్న పెద్దవాళ్లను అది కాపాడుతుంది. అదే చోట వెనక్కి తిప్పిన చైల్డ్ సీటు ఉంటే దాని వీపు సరిగ్గా ఆ మూతకు ఎదురుగా ఉంటుంది. వచ్చే సంచి బిడ్డ తల వెనకాలే వచ్చి గుద్దుతుంది. పెద్దవాళ్ల ప్రాణం నిలిపేదే పసిబిడ్డ ప్రాణం తీస్తుంది. అందుకే అక్కడ చైల్డ్ సీటు పెట్టకూడదు, వేరే దారి లేక పెడితే ఆ ఎయిర్‌బ్యాగ్‌ను ఆపి తీరాలి.

ముందు సీట్లో కుర్చీని బెల్టుతో బిగించాను. ఎడమ తలుపు తెరిస్తే డాష్‌బోర్డు అంచున కనబడే స్విచ్‌ను తాళం మొనతో తిప్పాను. ఎయిర్‌బ్యాగ్ ఆగిందని పసుపు లైటు వెలిగింది. హరినాథ్ ఎదురు కొట్టులో నీళ్ల సీసాలు కొంటున్నాడు. పక్కనే ఉన్న సుజాతతో "ఎయిర్‌బ్యాగ్ ఆపేసినానమ్మా" అన్నాను. ఆమె "సరేన్నా" అంది. అంతే. వాళ్లు వెళ్లిపోయారు, నేను తర్వాతి బండి బానెట్ ఎత్తాను.

అరగంట కాలేదు, హరినాథ్ ఫోను. గొంతులో ఉషారు.

"మణన్నా, నువ్వొకటి మర్సిపోయినావు. పెట్రోల్ బంకులో ఆగితే సూసినా, ఎయిర్‌బ్యాగ్ ఆఫ్ అని లైటు ఎలుగుతాండాది. కుర్సీ బిగించేటప్పుడు ఆపి, మళ్ళా ఆన్ చెయ్యలేదు నువ్వు. ఏం పర్లేదులే, బుక్కులో సూసి నేనే ఆన్ చేసేసినా. బిడ్డ కోసమే గదా ఎయిర్‌బ్యాగులుండే మోడల్ కొనింది!"

"హరీ, బండి ఆపు! పక్కకు తీసి ఆపు!" అని అరిచాను.

"ముందర పోలీసోళ్లుండారన్నా, మళ్ళా చేస్తా," అని పెట్టేశాడు.

మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఇంకోసారి, ఇంకోసారి. మోగి మోగి ఆగిపోతోంది. సుజాత నంబరు నా దగ్గర లేదు. చేతిలో టెస్టర్ పట్టుకుని షాపు ముందు అటూ ఇటూ తిరిగాను. పక్క పంక్చర్ షాపు రఫీతో "కాసేపు చూస్తా ఉండప్పా" అని స్కూటరెక్కాను. కొండకు పోయే కారు ఏదైనా అలిపిరి తనిఖీ దగ్గర ఆగాల్సిందే. వాళ్లు అది దాటితే ఇక ఘాట్ రోడ్డే.

ఆ దారి నేను వేలసార్లు పోయి ఉంటాను. ఆ రోజు ప్రతి ఆటో నాకు గండంగానే కనిపించింది. అడ్డంగా వచ్చే ఆటోను తప్పించబోయి హరినాథ్ డివైడర్‌కు గుద్దితే? ముందు బస్సు ఆగింది చూసుకోకపోతే? వాడు నిదానంగానే నడుపుతాడు, మంచి డ్రైవరే, అని నాకు నేను చెప్పుకుంటున్నాను. మరుక్షణమే, గుద్దేవాడు వీడే కానక్కర్లేదు కదా అనిపిస్తోంది. లీలామహల్ సర్కిల్ దగ్గర గుర్తొచ్చింది, నేను హెల్మెట్ పెట్టుకోలేదని. పదిమందికి భద్రత చెప్పేవాణ్ణి!

అలిపిరిలో కార్లు బారులు తీరి ఉన్నాయి. హరినాథ్‌ది తెల్ల కారు, అక్కడ సగానికి పైగా తెల్లవే. స్కూటర్ పక్కన పడేసి వరుసల మధ్య పరిగెత్తాను. ప్రతి కారులో ముందు సీటు వైపే చూస్తున్నాను. ఒక కారులో తండ్రి ఒళ్లో కూర్చుని స్టీరింగ్ పట్టుకున్న పిల్లవాడు, ఇంకో కారులో డాష్‌బోర్డుకు చేతులానించి నిలబడ్డ పాప. వాళ్లనూ ఆపి అరవాలనిపించింది, కానీ నాకు కావలసిన బిడ్డ ఇంకా కనబడలేదు. "ఎవురయ్యా నువ్వు? యాడికి పరిగెత్తతాండావు?" అని సెక్యూరిటీ ఆయన వెంటబడ్డాడు. మూడో వరుసలో హరినాథ్ కారు దొరికింది. పాప ముందు సీట్లో నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది.

"ఇంజన్ ఆపు," అన్నాను. ఊపిరాడడం లేదు. "ఎవురు ముట్టుకోమన్నారు ఆ స్విచ్‌ని? నా ఫోనెందుకు ఎత్తలా?"

"సైలెంట్‌లో ఉండాదన్నా... ఏమైంది?"

ఏమైందో చెప్పాను. డాష్‌బోర్డు మూత మీద చెయ్యి పెట్టి, అక్కడి నుంచి పాప తల వెనక్కి ఎంత దూరముందో జానతో కొలిచి చూపించాను. సుజాత వెనక తలుపు తీసుకుని ఒక్క అంగలో దిగింది.

"బంకులో నేను చెయ్యి కడుక్కునేదానికి పోయినానన్నా, ఈయన ఆన్ చేసింది నేను సూళ్లేదు. సూసినా ఏమీ అనుండను. ఆపేసినానని చెప్పినావు గానీ, ఎందుకాపినావో నువ్వు చెప్పలేదు," అంది.

గోవిందమ్మ మాత్రం నా కళ్లలోకే చూసింది.

"ఇంత ప్రమాదమని తెలిసి నువ్వే గదప్పా ముందర పెట్టింది? నేనంటే తెలీనిదాన్ని, ఏదో అంటాను. నువ్వెందుకు ఊఁ అన్నావు?"

ఎంతమంది కస్టమర్లతో వాదించానో లెక్క లేదు. ఆమె దగ్గర మాత్రం ఒప్పుకున్నాను. "నాదే తప్పక్కా," అన్నాను.

పాపను సుజాత ఎత్తుకుంది. కుర్చీ విప్పి వెనక సీట్లోకి మార్చాను. వెనక సీటు మడతలో ఐసోఫిక్స్ అని రెండు ఇనుప కొక్కీలుంటాయి, కుర్చీ కాళ్లు వాటిలోకి దూరి టక్కుమని పట్టుకోవాలి. మొదటిసారి పడలేదు. వెనక కార్లు హారన్ల మీద హారన్లు. సెక్యూరిటీ ఆయన వచ్చి "ఇదేమన్నా నీ షెడ్డు అనుకున్నావా? తియ్ బండి!" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే గోవిందమ్మ ఆయన మీదికి లేచింది. "బిడ్డ పానమప్పా ఇది! రెండు నిమిషాలు ఓర్సుకోలేవా?" ఆయన వెనక్కి తగ్గి, మా వెనక ఉన్న కార్లను పక్క వరుసలోకి మళ్లించాడు.

రెండు కొక్కీలూ పడ్డాయి. కుర్చీని అటూ ఇటూ గుంజి చూశాను, కదల్లేదు. పాపను పెట్టి, పట్టీ బిగించి, భుజం దగ్గర దాన్ని వేళ్లతో గిల్లి చూపించాను. పట్టీ వేళ్ల మధ్యకు మడత పడి వచ్చిందంటే వదులుగా ఉన్నట్టే. అదే పని హరినాథ్ చేతా, సుజాత చేతా చేయించాను. స్విచ్ ఆన్‌లోనే ఉంచి, ముందు సీట్లో ఇక బెల్టు పెట్టుకున్న పెద్దవాళ్లే కూర్చోవాలని చెప్పాను. "నేను దాని పక్కనే ఎనక కూసుంటా," అని గోవిందమ్మ ఎవరూ అడక్కుండానే ఎక్కేసింది. సుజాత ముందుకు వెళ్లి బెల్టు పెట్టుకుంది. కారు కదిలింది. నేను స్కూటర్ దగ్గరికి వచ్చి, దాన్ని లేపి నిలబెట్టాను.

నాలుగు రోజుల తర్వాత హరినాథ్ ఫోన్ చేశాడు. గుండు బాగా కుదిరిందట, క్షేమంగా ఇల్లు చేరారట. "మా అత్త ఊర్లో అందరికీ నీ కతే చెప్తాందన్నా. ఏం కాలేదులే, నువ్వు గూడా మర్సిపో," అన్నాడు.

ఏం కాలేదన్నది నిజమే. కానీ గోవిందమ్మ అడిగిన మాట నన్ను వదల్లేదు. ఆ ఒక్క కారులోనేనా నేను ఊఁ అన్నది? కస్టమర్లు నింపిచ్చిన వారంటీ కార్డుల నకళ్లు షాపులో ఓ అట్టపెట్టెలో ఉన్నాయి. చైల్డ్ సీటు బిగించుకున్న వాళ్లవన్నీ ఏరి, పని పక్కనబెట్టి ఒక్కొక్కరికే ఫోన్ చేశాను. "సీటు ఎక్కడుంది? ఎటు తిరిగి ఉంది? స్విచ్ ఎలా ఉంది?" కొందరు నవ్వారు. ఒకాయన, సీటు అటక మీదుందని చెప్పాడు. ఇద్దరు మాత్రం ముందు సీట్లోనే పెట్టుకుని, స్విచ్ సంగతే తెలియదన్నారు. ఆ రెండు బండ్లూ మరునాటికల్లా షాపుకు రప్పించి, కుర్చీలను వెనక సీట్లోకి మార్చాను.

ఇప్పుడు నా పద్ధతి మారింది. పసిబిడ్డ సీటు ముందు పెట్టమంటే పెట్టను, వేరే షాపుకు పోతామంటే పొమ్మంటాను. ఏది చేసినా ఎందుకు చేశానో కారులో ఉన్న పెద్దవాళ్లందరికీ కలిపి చెబుతాను, వాళ్ల నోటితో నాకు తిరిగి చెప్పించుకుంటాను. ఒకరికి చెబితే చెప్పినట్టు కాదని, ఆపానని చెప్పి ఎందుకో చెప్పకపోతే అసలు చెప్పనట్టేనని ఆ రోజు నేర్చుకున్నాను.

ఒక్క నంబరు మాత్రం పలకలేదు. శ్రీకాళహస్తి వైపు టీచరమ్మ, నీలం కారు. అప్పటికి కాన్పయి మూడు నెలలు కూడా కాలేదు, ఒంటరిగా నడుపుకుంటూ పోవాలి, బిడ్డ కళ్ల ముందుండాలని అడిగింది. ముందు సీట్లో బిగించి ఇచ్చాను. స్విచ్ తిప్పానా? తిప్పినట్టే అనిపిస్తుంది, కానీ అది వేరే కారేమో. ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదని వస్తుంది. రెండుసార్లు శ్రీకాళహస్తి పోయి, అక్కడి స్కూళ్లలో కనుక్కున్నాను. బదిలీ అయి ఉంటుందన్నారు.

ఆ పాపకు ఇప్పుడు బడికి పోయే వయసు. మొన్న రేణిగుంట సిగ్నల్ దగ్గర ఓ నీలం కారు ఆగింది. నడుపుతున్నది ఆడమనిషి, వెనక సీట్లో రెండు జడల పాప అద్దానికి ముక్కు ఆనించి నన్ను చూసింది. పచ్చలైటు పడింది, కారు వెళ్లిపోయింది. ఆ పాపే అయి ఉంటుందని అనుకున్నాను. అలా అనుకోవడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.