మిరపతో కాపురం చేసే గులాబీ

సెంటు పూసుకునే వాళ్ళంటే నాకు మొదట్నించీ చిరాకే. నరసరావుపేటలో మా ఇంటి ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని ఇరవై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు ఏ సీసా ఒంపుకుని వచ్చారో వాళ్ళు గుమ్మం ఎక్కకముందే నా ముక్కుకు తెలిసిపోతుంది. అలాంటి నేను మా పక్కింటి కోటేశ్వరిని వెంటబెట్టుకుని గులాబీ అత్తరు కోసం బజారు చుట్టూ తిరిగాను. ఒక్కసారి కాదు, మూడుసార్లు. అందులో ఒకసారి ఊరికే తిరగాల్సి రావడానికి కారణం నేనే.

కోటేశ్వరిది మిరపకాయల పని. ఫిబ్రవరి నుంచి మే దాకా నకరికల్లు వైపు కల్లాల్లో ఎండు మిరపకాయల తొడిమలు తీస్తుంది. తెల్లవారుతూనే ఆటో ఎక్కితే మధ్యాహ్నం ఒంటిగంటకు తిరిగొస్తుంది. చీర మీద మగవాళ్ళ చొక్కా, తలకు తువ్వాలు, ఆ తువ్వాలు కొసే ముక్కుకు అడ్డం. వచ్చీ రాగానే శనగపిండితో ఒళ్ళు రుద్దుకుని స్నానం చేస్తుంది, చేతులకు కొబ్బరినూనె రాసుకుంటుంది. అయినా ముప్ఫై ఏళ్ళుగా పట్టిన ఘాటు నాలుగు చెంబుల నీళ్ళకు పోతుందా? జుట్టులోనూ గోళ్ళ సందుల్లోనూ అలాగే ఉంటుంది. ఆమె కబుర్లకొస్తే నేను గుమ్మం దగ్గరున్న స్టూలు చూపించి, "అక్కడ కూచో అక్కా, గాలి తగిలిద్ది" అనేదాన్ని. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే మాట్లాడేదాన్ని. ఆమె ఏనాడూ ఏమీ అనుకోలేదు. అనుకున్నా నాతో చెప్పలేదు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో ఆమె కూతురు మంజుల, మూడేళ్ళ లహరిని తీసుకుని తల్లి దగ్గరికి వచ్చింది. అల్లుడు టిప్పరు తోలుతూ ఊళ్ళు తిరుగుతుంటాడు. మంజులకు పేటలోనే ఒక ల్యాబులో ఉద్యోగం దొరికింది. మార్చి ఒకటి నుంచి డ్యూటీ, మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి తొమ్మిదింటికి రావాలి. చదివిన చదువు మూలన పడేసి ఇంట్లో కూర్చున్న పిల్ల, ఆ కబురు నాకు చెప్పడానికి పరుగెత్తుకుంటూ వచ్చింది. తల్లి ఒంటిగంటకు వస్తుంది, కూతురు ఒకటిన్నరకు వెళ్తుంది, అన్నీ చక్కగా కుదిరాయనుకున్నారు. కుదరనిదల్లా లహరే. అమ్మమ్మ ఎత్తుకోగానే వరసగా తుమ్మేది. కళ్ళు నులుముకుని "అమ్మమ్మ మంట, అమ్మమ్మ మంట" అంటూ ఏడుపు లంకించుకునేది.

"ఇది నీ దగ్గరుండకపోతే బెల్లంకొండలో మా అత్త దగ్గర వదిలిపెట్టాలి, లేకపోతే ఉద్యోగం వద్దని చెప్పాలి. ఇంకేం చేసేదమ్మా?" అంది మంజుల.

ఆ సాయంత్రం కోటేశ్వరి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఏమే సుభాషిణీ, ఒళ్ళు గులాబీపువ్వు వాసనొచ్చేది ఏదన్నా ఉండిద్దా? లహరికి గులాబీలంటే చానా ఇష్టం."

నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాను.

పాత బజారులో అబ్దుల్ జబ్బార్ గారి అత్తరు కొట్టు అగ్గిపెట్టెంత ఉంటుంది. అరవై దాటిన మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం, చెవి మడతలో ఎప్పుడూ అత్తరు దూది. మేమంతా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాం.

"ఎవరికమ్మా?" అన్నాడు.

"నాకే బాబాయ్" అని తల దించుకుంది కోటేశ్వరి.

ఇక మొదలుపెట్టాడు. ఏం పని చేస్తావు, చెమట ఎక్కువ పట్టిద్దా, తలకి ఏ నూనె రాస్తావు, నలుగురిలో ముందుకొచ్చి మాట్లాడతావా, వెనకాల నిలబడతావా?

నాకు ఓపిక నశించింది. "పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని అడగరు బాబాయ్!"

"ఇదీ అట్టాంటిదేనమ్మా. సీసాలో ఉన్నంతసేపే అందరికీ ఒకటే గులాబీ. ఒంటికెక్కినాక ఎవరి గులాబీ వాళ్ళది. మూడు రకాలు దూదికి అద్దిస్తా. రేపు అవి పెట్టుకునే పనికి పోయి, అట్నుంచి అటే రా. అప్పుడుగానీ నేను అమ్మను."

ఇదెక్కడి వ్యాపారం! కొనడానికి వచ్చిన వాళ్ళని పొమ్మనే కొట్టు ఇంకెక్కడైనా ఉందా? నేను విసురుగా లేచి, కోటేశ్వరి చెయ్యి పట్టుకుని ఎదురుగా ఉన్న అద్దాల ఫ్యాన్సీ కొట్టుకు లాక్కుపోయాను. అట్ట మీద అరచెయ్యంత గులాబీ బొమ్మ ఉన్న స్ప్రే ఒకటి తీసి కొనిపించాను. కొట్టులో అమ్మాయి ఒక్కసారి నొక్కితే కొట్టంతా గుప్పుమంది.

"గులాబీ అంటే ఇదీ! స్నానం చేశాక తలకీ, చీరకీ, తువ్వాలుకీ బాగా కొట్టుకో అక్కా" అని సలహా కూడా ఇచ్చాను.

మర్నాడు ఆమె నేను చెప్పినట్టే చేసి, లహరిని ఎత్తుకుంది. పదకొండు తుమ్ములు, నేను లెక్కపెట్టాను. గుమ్మంలో నిలబడ్డ నాకే కళ్ళలో నీళ్ళు కారాయి. మంజుల పిల్లను లాక్కుని బయటికి పరుగెత్తింది. కోటేశ్వరి మెట్టు మీద కూలబడి, "దాన్ని బెల్లంకొండకే పంపండి. నా ఒళ్ళే అట్టాంటిది" అంది.

ఆ మాటకు నా మీద నాకే ఒళ్ళు మండింది. మిషను కట్టేసి మళ్ళీ ఆమెను బజారుకు బయలుదేరదీశాను.

మేం మెట్టెక్కుతుండగానే జబ్బార్ బాబాయ్ గట్టిగా తుమ్మాడు. "ఎదురు కొట్లో కొన్నారుగా?" అన్నాడు. కోప్పడలేదు. "మిరపని దాద్దామని దాని మీద ఇంకోటి గుమ్మరించారు. రెండూ తన్నుకున్నాయి. దాన్ని దాచబాకమ్మా, ఎట్టా పోయిద్ది నీ ఒంట్లోంచి? నీకు కావాల్సింది మిరపతో కాపురం చేసే గులాబీ."

ఇంటికి పోయి ఒళ్ళు కడుక్కుని ఆ స్ప్రే వదిలించుకోమన్నాడు. గులాబీలు మూడు పొట్లాల్లో దూదికి అద్దిచ్చి, పొద్దున్నే ఎడమ మణికట్టుకొకటి, కుడి మణికట్టుకొకటి, మోచేతి మడతలో ఒకటి రుద్దుకోమన్నాడు.

మర్నాడు ఒంటిగంటకు ఆటో దిగిన కోటేశ్వరి, చొక్కా కూడా విప్పకుండా నాతో కొట్టుకు వచ్చింది. బాబాయ్ ఆడవాళ్ళ చెయ్యి ముట్టుకోడు. మూడు దూదిపింజలు ఇచ్చి, ఒక్కోచోట ఒక్కోటి తుడిచి బల్ల మీద పెట్టమన్నాడు. మొదటిది వాసన చూసి, "ఇది పారిపోయింది" అన్నాడు. రెండోదానికి మొహం చిట్లించి, "ఇది పులిసింది." మూడోది ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు కళ్ళు తెరవలేదు. తర్వాత దాన్ని నా వైపు జరిపాడు.

వాసన చూశాను. గులాబీ, చందనం, వాటి అడుగున గోరువెచ్చగా మిరప. ఎండలో ఆరిన దుప్పటి మడతలో పువ్వు పెట్టి మరిచిపోయినట్టుంది. నిజం చెప్పాలంటే నాకు ఇంకోసారి చూడాలనిపించింది.

"చందనం నూనెలో పట్టిన గులాబీ ఇది. మెల్లగా మాట్లాడిద్ది, నీ మాదిరే" అన్నాడు బాబాయ్ కోటేశ్వరితో. "ఒక్క చుక్క చెవి వెనక రాసుకో, కాస్త దూది చెవి మడతలో పెట్టుకో. పిల్ల దగ్గరికి నువ్వు పోబాక. దానంతటదే వచ్చిద్ది."

కోటేశ్వరి స్నానం చేసి, అలాగే రాసుకుని, వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. లహరి వంక చూడనైనా లేదు. చాలాసేపటికి ఆ పిల్లే దగ్గరికొచ్చి, "అమ్మమ్మా, చెవిలో ఏంది?" అంది. దూది లాగి వాసన చూసింది. ఒక్క తుమ్ము తుమ్మింది. మంజుల గబుక్కున లేచింది. దూది మళ్ళీ అమ్మమ్మ చెవిలో కుక్కి, ఒళ్ళో కూర్చుని చిక్కుడుకాయ అందుకుంది. మార్చి ఒకటిన మంజుల డ్యూటీకి వెళ్తుంటే, లహరి అమ్మమ్మ చంకలోంచే టాటా చెప్పింది.

మే చివర కల్లాలు అయిపోయాయి. పనిలేని మొదటి వారమంతా కోటేశ్వరి రెండు పూటలా కుంకుడుకాయలతో తలంటుకుంది. ఉతికిన చీర కట్టి, అత్తరు చుక్క రాసుకుని, రాణీలా వాకిట్లోకి వచ్చింది. ఎత్తుకోబోతే లహరి ఆమె మెడ దగ్గర ముక్కు పెట్టి, ఇంకోసారి పెట్టి, కిందికి జారిపోయింది.

"అమ్మమ్మ వాసన ఏదీ?" అంది.

కోటేశ్వరి తన భుజం తనే వాసన చూసుకుంది. పిల్ల దొడ్లోకి పరుగెత్తింది. దండెం మీది కల్లం తువ్వాలును ఈడ్చుకొచ్చి, "ఇది కట్టుకో" అంది. కోటేశ్వరి దాన్ని భుజం మీద వేసుకుంది. లహరి చంకెక్కి, దాని మీద తల ఆనించి, వేలు నోట్లో పెట్టుకుంది.

"ముప్ఫై ఏళ్ళు ఈ వాసనకి సిగ్గుపడి బతికానే సుభాషిణీ" అంటూ కోటేశ్వరి ఏడ్చింది, నవ్వుతూనే ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. నాది సంతోషం ఒక్కటే కాదు. ఆ సిగ్గులో సగం నా గుమ్మం దగ్గర పుట్టిందే.

మర్నాడు ఆమె కబుర్లకొచ్చేసరికి స్టూలు మిషను పక్కనే ఉంది. ఆమె స్టూలు వంక, నా వంక చూసింది. అదే తువ్వాలు భుజాన ఉంది.

"ఏందే, ఇయ్యాల ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోలేదే?"

"జలుబు చేసిందిలే, కూచో" అన్నాను.