చీనీ దోటి

అది మొదలైంది మహర్నవమి నాడు, సోమవారం, ఉదయం పదీ ఇరవైకి. పదిన్నర అని మా బావ అంటాడు. కానీ గుమ్మడికాయ పగలగొట్టే ముందు గోడ గడియారం చూసింది నేను, ఆయన కాదు. ఇన్నేళ్ళ తరవాత ఆ సంగతి ఇప్పుడెందుకంటే, నిన్న ప్రొద్దుటూరు బజారులో ఒక ఇనుప సామాన్ల అంగడి ముందు పొడుగాటి దోటీలు గోడకు ఆనించి కనిపించాయి. కొసన కత్తెర నోరు, చేతి దగ్గర పిడి, పిడి నుంచి పైదాకా స్కూటరు క్లచ్ వైరు, నోటి కింద కోసిన కాయ జారి రావడానికి గుడ్డ గొట్టం. "చీనీకాయలు కోసే దోటిమ్మా, కోయంబత్తూరు సరుకు, కొత్త మోడలు" అన్నాడు అంగడాయన. బత్తాయిని మా వైపు చీనీ అంటాం. ఆ మోడలు పులివెందులలో మా అక్కావాళ్ళ వెల్డింగ్ షాపులో పుట్టిందని, పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నానని ఆయనకు చెప్పలేదు. చేతిలో పచారీ సంచీ, రెండు చేతులూ పట్టేంత బరువు. బజారులో నిలబడి చెప్పే కథ కాదు.

మా బావకు పులివెందుల పొలిమేరలో నాలుగెకరాల చీనీ తోట, రోడ్డు మీద వెల్డింగ్ షాపు. తోట తండ్రి ఇచ్చింది, షాపు తాను పెట్టుకున్నది. ప్రేమ దేని మీద ఎక్కువో అడగనక్కరలేదు. ఆయన మనసు ఎప్పుడూ ఏదో ఒకటి కనిపెట్టాలనే ఉండేది. బావిలో నీళ్ళు తగ్గితే మోటారు దానంతటదే ఆగి గంట కొట్టేలా ఒకటి చేశాడు. మోటారు ఆగేది కాదు గాని గంట మాత్రం మోగేది, ఊరి వాళ్ళు లేచి దొంగలొచ్చారనుకొని కర్రలు పట్టుకొచ్చేవాళ్ళు. స్కూటరు వెనక చక్రంతో తిరిగే పిండి రుబ్బే యంత్రం ఒకటి చేశాడు. ఆ పూట దోసెల్లో పెట్రోలు వాసన వచ్చింది. మా అక్క వాటన్నిటినీ నోరెత్తకుండా భరించింది, కాకపోతే పెట్రోలు దోసెలు ఆయన చేతే తినిపించింది. నేను ట్రెజరీ ఆఫీసులో లెక్కలు రాసి రిటైరైన దాన్ని కాబట్టి ఆయన ప్రతి కొత్త వస్తువుకూ నా దగ్గర మెప్పు కోరేవాడు. "మరదలు పిల్లా, ఇదన్నా పాసా?" అనేవాడు. అరవై దాటిన నన్ను పిల్లా అనేవాళ్ళు ఈ జిల్లాలో ఇంకెవరూ మిగల్లేదు.

దోటి మాత్రం సరదాకు చేసింది కాదు. ఒక ఎండాకాలం కోతల్లో కూలీలు తక్కువై, అక్క తానే కొమ్మలోకి తల దూర్చి కాయలు కోస్తుంటే, వంచిన కొమ్మ చెయ్యి జారి తిరిగొచ్చి ముల్లు ఎడమ కంట్లో దిగింది. చీనీ ముల్లు సూదికంటే బిరుసు. ప్రొద్దుటూరులో చూపించాం, తిరుపతి తీసుకుపోయాం, కన్ను నిలిచింది, చూపు నిలవలేదు. ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు బావ షాపులో పైపులు కోయడం మొదలుపెట్టాడు. చెట్టు దగ్గరికి ముఖం పోకుండా, దూరం నుంచే కాయను తొడిమతో సహా కత్తిరించి కిందికి దించాలి: ఇంతే ఆయన మాట. అక్క కోసమని ఒక్కసారీ అనలేదు. అనకపోయినా షాపులో పనిచేసే వాళ్ళకు, తోటలో కూలీలకు, నాకు, అందరికీ తెలుసు.

ప్రొద్దుటూరులో మా ఇంటి మేడ మీద ఒక ఇంజనీరింగు కాలేజీ మేడం అద్దెకు ఉంటుంది. బావ దోటి బొమ్మ వేసుకొని మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె చూసి, దీనికి పేటెంటు అడగొచ్చు, కాగితాలు నేను రాసిపెడతాను అంది. పేటెంటు అంటే ఇరవై ఏళ్ళ పాటు ఆ వస్తువు మీద కనిపెట్టిన వాళ్ళకే హక్కు. అయితే అది లోకానికి కొత్తదై ఉండాలి. అర్జీ పడే లోపల ఎవ్వరికీ చూపించకూడదని, చూపిస్తే కొత్తదనం పోయినట్టేనని ఆమె రెండుసార్లు చెప్పింది. బావ రెండుసార్లూ తల ఊపాడు. ఆయన కోరిక నాకు తెలుసు. గంట మోటారును చూసి నవ్విన ఊరికి, తన పేరు అచ్చయిన సర్కారు కాగితం ఒకటి చూపించాలి. జీవితంలో ఆయన అంతగా కోరుకున్నది ఇంకేదీ నేను చూడలేదు.

కాగితాలు సగంలో ఉండగా మహర్నవమి వచ్చింది. వాళ్ళ షాపులో ఒక పద్ధతి ఉంది. ఏడాదిలో కొత్తగా చేసిన పనిముట్టు ఏదైనా ఆయుధ పూజ కాకుండా పనిలోకి దిగదు. పూజ కూడా లోపల కాదు, రోడ్డు మీద, షట్టరు ముందు, పసుపు కుంకాలు పెట్టి, బొరుగులూ బెల్లమూ పంచి చేస్తారు. వచ్చిన ప్రతివాడూ ఆ పనిముట్టు చేతబట్టి ఒకసారి వాడి చూడాలి. వాడకుండా పోతే దాన్ని అవమానించినట్టు. ముందురోజు సాయంత్రమే నేను వెళ్ళి మేడం మాట గుర్తు చేశాను.

"అమ్మితే సూపిచ్చినట్టు మరదలా. పూజకు పెడితే సూపిచ్చినట్టా?" అన్నాడు.

"ఎవ్వరికీ అనింది బావా ఆమె."

"పూజ చెయ్యకుండా కాగితాలు పంపించల్లా? కడుపులో బిడ్డకు పెండ్లి పత్రిక అచ్చేసినట్టుంటాది."

మరుసటి రోజు పదీ ఇరవైకి గుమ్మడికాయ పగిలింది. తోటల వాళ్ళు ఇరవైమందికి తక్కువ లేరు. అందరిలోకీ పెద్ద గొంతు మేము జమ్మలమడుగు అన్న అని పిలిచే ఆయనది. ఆయన బావకు చిన్ననాటి స్నేహితుడు, జమ్మలమడుగు దగ్గర ఆయనకూ చీనీ తోట ఉంది, చేతిలో ఎప్పుడూ ఫోను ఉంటుంది. షాపు పక్కనున్న ఒకే ఒక్క చీనీ చెట్టు మీద ఒక్కొక్కరే దోటి పట్టి కాయలు దించారు. ఆయన అంతా వీడియో తీస్తూ, "సూడండప్పా, మా మామ కనిపెట్టినాడు, పులివెందుల సరుకు" అని వ్యాఖ్యానం చెప్పాడు. ఆఖరున అక్క చేతికి ఇచ్చారు. అక్క దోటి ఎత్తి గురి చూసి పిడి నొక్కింది. ఆకు తెగింది. మళ్ళీ నొక్కింది. ఇంకో ఆకు. మూడోసారి గాలి తెగింది.

"ఏందక్కా, చెట్టుకు క్షౌరం చేస్తాండావా?" అన్నాడు జమ్మలమడుగు అన్న. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వి దోటి బావ చేతికి ఇచ్చి బొరుగులు పంచడానికి పోయింది. ఆ వీడియో సాయంత్రానికి రైతుల ఫోన్లన్నిటికీ, రాత్రికి లోకమంతా చూసే చోటికీ చేరిపోయింది.

ఒక కంటితో చూసేవాళ్ళకు వస్తువు ఎంత దూరంలో ఉందో తెలియదని బావకు తట్టలేదు. దోటి ఎవరి కోసం చేశాడో ఆ మనిషే దాన్ని వాడలేకపోయింది. నేను ఇంకో రెండు రోజులు ఉన్నాను కాబట్టి తరవాత జరిగింది చూశాను. మధ్యాహ్నం బావ నిద్రపోతున్నప్పుడు అక్క పాత కుక్కరు రింగు ఒకటి తెచ్చి, కాయ మందానికి సరిపోయేలా కోసి చుట్టి, కత్తెర నోటికి బెత్తెడు కింద తీగతో బిగించింది. దోటి మెల్లగా పైకెత్తితే కాయ ఆ రింగులోకి దూరేది. దూరినప్పుడు రబ్బరు కాయను ఒరుసుకొని, పైపు చేతిలో చిన్నగా అదిరేది. అదిరినప్పుడు పిడి నొక్కాలి. అక్క బాగున్న కన్ను కూడా మూసుకొని వరసగా కాయలు దించింది. నిద్ర లేచి వచ్చిన బావ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇది నాకెందుకు తట్టల్యా?" అన్నాడు.

"నీకు రెండు కండ్లుండాయి గదా, యాన్నుంచి తడ్తాది" అంది అక్క.

రింగును అర్జీలో ఆఖరి అంశంగా చేర్చారు. ఇది మాది అని చెప్పుకునే ఒక్కో అంశాన్నీ క్లెయిము అంటారట. బావవి ఏడు, ఎనిమిదోది రింగు. అక్క పేరు కూడా రాయమని బావ పట్టుబట్టాడు. "కుక్కరు రింగుకు పేరేంది, పో" అని అక్క వంటింట్లోకి పోయింది. అర్జీ మాఘమాసంలో బావ ఒక్కడి పేరుతోనే పడింది. తరవాత కరోనా వచ్చింది, పోయింది. రెండున్నరేళ్ళకు చెన్నై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అర్జీ కంటే ముందే ఈ దోటి లోకానికి తెలుసు, ఇదిగో వీడియో, కాబట్టి కొత్తది కాదు అని.

బావ బస్సెక్కి అక్కను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. సంగతి తెలిసి జమ్మలమడుగు అన్నా వచ్చాడు. పాపం, ఆ రోజు ఆయన గొంతు చాలా చిన్నది.

"ఇప్పుడే తీసేస్తా మామా ఆ వీడియో."

చెన్నై వాళ్ళ దగ్గర ఉన్నదాన్ని ఇక్కడ తీసేసి లాభం లేదంది మేడం.

"పోనీ, అది వేరే దోటి, ఇది వేరే దోటి అని రాద్దాం. ఎవురికి తెలుస్తాది? సాక్షి సంతకం నేను పెడతా."

మేమంతా బావ వైపు చూశాం. ఆయన అవునంటే చాలు, కాగితం వచ్చే అవకాశం ఉన్నట్టే కనిపించింది. ఆయన చెన్నై ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పసుపు కుంకం పెట్టి, గుమ్మడికాయ కొట్టి, పదిమంది చేతికిచ్చిన దాన్ని నాది కాదని సెప్పల్లనా? వద్దులేప్పా. పోతే పోనీ."

అప్పుడు మేడం, ఆ వీడియోలో లేనిది ఏదైనా ఉందా అని అడిగింది. అందరం కూర్చొని మళ్ళీ చూశాం. అక్క ఆ వీడియో చూడడం అదే మొదటిసారి. ఆకులు తెగడం, జనం నవ్వడం, తాను నవ్వడం అన్నీ కదలకుండా చూసి, "దాంట్లో రింగు ల్యా" అంది.

విచారణ మేడం గదిలో, కంప్యూటరు తెర మీద జరిగింది. చెన్నై అధికారి అరవ యాస తెలుగులో నెమ్మదిగా అడిగాడు, వీడియోలో ఉన్నదానికీ దీనికీ తేడా ఏమిటని. మేడం ఇంగ్లీషులో మొదలుపెట్టబోయింది. అక్క ముందుకు వంగింది.

"ఆ వీడియోలో నేను కోస్తాండేది ఆకులు సార్. ఇది కాయను కోస్తాది."

ఆయన నవ్వాపుకొని, ఎలాగో చూపించమన్నాడు. అక్క రెండు కళ్ళూ మూసుకొని, మేము దండేనికి కట్టిన చీనీకాయను దోటితో వెతికి, రింగులోకి దూర్చి, కత్తిరించింది. కాయ గుడ్డ గొట్టంలో జారి ఆమె పాదాల దగ్గర ఆగింది. ఈ ఆలోచన ఎవరిది అని అధికారి అడిగాడు. బావ లేచి నిలబడ్డాడు, తెర ముందు నిలబడితే తల కనిపించదని కూడా మరిచిపోయి.

"ఆమెది సార్. నాది ఆ వీడియోలో ఉండేది. అది అందరిదీ అయిపాయ. ఇది మాత్రం ఆమెదే."

కాగితం వచ్చింది. ఏడు క్లెయిములు కొట్టేశారు, రింగు ఉన్న దోటికి హక్కు ఇచ్చారు. కనిపెట్టిన వాళ్ళు ఇద్దరు. అక్క పేరు ముందు రాయించింది బావే. నా వీడియో లేకుంటే ఆ రోజుకు రింగు లేని సంగతి రుజువయ్యేదా అని జమ్మలమడుగు అన్న ఇప్పుడు పెళ్ళిళ్ళలో చెప్పుకుంటున్నాడు. అబద్ధమని అనలేం. బావ ఆ కాగితానికి అద్దం కట్టించి షాపులో పెట్టాడు. వచ్చిన వాళ్ళకు మొదటి పేరు మీద వేలు పెట్టి చూపిస్తాడు, రెండో పేరు వాళ్ళే చదువుకుంటారని ఆయన ఉద్దేశం.

ఎవరైనా అడిగితే నా దగ్గర లెక్క ఉంది. పోయినవి: మా అక్క ఎడమ కంటి చూపు. మా బావ క్లెయిములు ఏడూ. హక్కు ఉండే ఇరవై ఏళ్ళు అర్జీ పడిన రోజు నుంచే మొదలవుతాయి కాబట్టి, వాటిలో నాలుగున్నర ఏళ్ళు కాగితం కోసం ఎదురుచూడడంలోనే. మిగిలిన పదిహేనున్నర ఏళ్ళలో మా ముగ్గురి ఆయుష్షుకూ ఎన్నేళ్ళు దక్కుతాయో, అది మాత్రం నేను లెక్క వేయలేదు.