చూరు వరస

ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

ఉన్న ఉద్యోగం పోయి, ఇరవై ఆరేళ్ళ వయసులో మా మేనమామ దగ్గర పెంకు నేత, అంటే ఇంటి కప్పు మీద పెంకులు పరిచే పని, నేర్చుకోవడానికి చేరాను. నౌపడ చుట్టుపక్కల ఎవరు పెంకుటిల్లు నేయించుకోవాలన్నా మావనే పిలిచేవారు. ఒక పెంకు గాడిలో మరొకటి కూర్చోబెట్టడం, వరస వంకర పోకుండా తాడు లాగి చూసుకోవడం తొందరగానే పట్టుబడ్డాయి. ఎత్తు మాత్రం పట్టుబడలేదు. భయం. ఆ వయసులో ఆ మాట మావతో ఎలా చెప్పను?

ఆ వేసవిలో ఒక రైతు ఇల్లు నేస్తున్నాం. ఉప్పు మడుల మీదుగా సముద్రపు గాలి సూటిగా తగిలే ఇల్లు. అలాంటిచోట చూరు వరసలో, అంటే అంచున ఉండే ఆఖరి వరసలో, ప్రతి పెంకునూ కింది చెక్కబద్దకు తీగతో కట్టాలి. అందుకు వాలు మీద బోర్లా పడుకుని, తల అంచు దాటించి, చేయి కిందికి పోనివ్వాలి. మావ అవతలి వాలు మీద ఉన్నాడు. నేను పడుకున్నాను. కింద గచ్చు కనిపించింది. కళ్ళు తిరిగాయి. రెండు పెంకులు కట్టి వెనక్కి జరిగాను. మిగతావి ఊరికే పేర్చేశాను. నేల మీద నుంచి చూస్తే తేడా తెలియదు.

పని దిగాక మావ అడిగాడు.

"ఒరే, సూరు వరసంతా తీగ కట్టినావేటి?"

"కట్టేసినాను మావా."

"నానోపాలి ఎక్కి సూడాలేటి?"

"అక్కర్లేదు మావా. అన్నీ కట్టినాను."

ఎక్కలేదు. నమ్మాడు.

వానాకాలం చివర తుపాను వచ్చింది. ఆ ఇంటావిడ చూరు కింద ఉన్న గేదెను విప్పడానికి బయటికి వచ్చిందట. ఆ వరస పెంకులు ఊడి ఆమె కుడి భుజం మీద పడ్డాయి.

కబురు తెలిసి ఇద్దరం వెళ్ళాం. మావ నిచ్చెన ఎక్కి, మిగిలిన పెంకుల కింద చేయి పోనిచ్చి, ఈ మూల నుంచి ఆ మూల దాకా తడిమాడు. ఇప్పుడు నా పేరు చెబుతాడు, ఇదిగో ఇప్పుడు, అనుకుంటూ నిలబడ్డాను. దిగి వచ్చి రైతుతో, "పని నాది బాబూ. సూసుకోవలసినోడ్ని నానే," అన్నాడు. తిరుగు దారిలో నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే ఒప్పుకునేవాడినా? మళ్ళీ అబద్ధమే ఆడేవాడినేమో.

మావకు చూపు తగ్గింది, పని తప్పుతున్నాడు అని ఊళ్ళలో చెప్పుకున్నారు. ఆయన్ని పిలవడం మానేశారు. నన్ను పిలిచారు. నేను వెళ్ళాను. ఎక్కగా ఎక్కగా భయం పోయింది. ఆయన పని మొత్తం నాదైపోయింది.

మరుసటి ఏడు వాన కారుతోందని ఆ ఇంటికే పిలిచారు. అరుగు మీద రైతు భార్యకు జడ అల్లుతున్నాడు. ఆమె చేయి భుజం దాటి పైకి లేవడం లేదు. ఆయన అల్లిక వదులు వదులుగా ఉంది. పనయ్యాక ఆమె ఎడమ చేత్తో టీ గ్లాసు అందించి, "మీ మావనేటీ అనకు బాబూ. ముసిలోడు, మర్సిపోయుంటాడు," అంది.

చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. టీ తాగేసి వచ్చేశాను.

మావ ఇంకా ఉన్నాడు. అప్పుడప్పుడు వెళ్తాను. ఎవరిల్లు నేస్తున్నావని అడుగుతాడు. నా మొహం వైపు మాత్రం చూడడు. లేక చూడనిది నేనేనా?

ఆయనకు చెప్పవలసింది మీకు చెబుతున్నాను. ఇది ధైర్యం కాదని తెలుసు. క్షమించమనీ అడగడం లేదు. ఆ వరస నేసింది నేను. కట్టలేదు. కట్టానన్నాను. రాసినదాన్ని ఇప్పుడే ఒకసారి పైకి చదువుకున్నాను. లోపల బిగుసుకుని ఉన్నదేదో కాస్త సడలింది.