తుడిచెయ్యాల్సిన గొంతు

స్టూడియోలో ఆవిణ్ణి అందరూ అక్క అనే పిలిచేవారు. గేటు దగ్గర కుర్చీ వేసుక్కూర్చునే ముసలాయనకి అరవై దాటాయి, ఆయనకీ అక్కే. ఎందుకంటే ఆ స్టూడియోకి వెలుగైన గాయని ఆవిడ సొంత చెల్లెలు, ఆవిణ్ణి అక్కా అని పిలిచేది. ఆవిడకి సొంత పేరొకటి ఉందన్న సంగతి జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. చెల్లెలి పేరేమో ఊరంతా గోడల మీద ఉండేది.

ఆవిడ పని ట్రాకు పాడటం. డిస్కో పాటలు ఊపేస్తున్న కాలం అది. గాయనికి కచేరీలతో క్షణం తీరిక లేదు. వాయిద్యాలవాళ్ళని ఆపి కూర్చోబెట్టలేరు. అందుకని ముందు అక్క పాడి పెట్టేది. తర్వాత చెల్లెలు తీరిగ్గా వచ్చి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అది వింటూ పక్క ట్రాకులో తను పాడేది. టేపు మీద ఉన్నవి పదహారు ట్రాకులే, చోటు చాలదు. చెల్లెలి గొంతు ఎక్కగానే అక్క గొంతు తుడిచేసి, ఆ జాగాలో చప్పట్లు నింపేవారు. చప్పట్లు లేని డిస్కో పాటకి ఎవడి కాలూ లేవదు మరి. అంటే ఏడేళ్ళుగా అక్క పాడిన ప్రతి పాట చోటా ఇప్పుడు చప్పట్లు ఉన్నాయన్నమాట. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో అక్క కూడా ఉంది.

ఓర్వలేనితనం ఉండేదా అంటే, ఎందుకుండదండీ? ఆవిడేమీ రాయి కాదుగా. అసలు పాటలకి బాణీలు కట్టే మాస్టారి దగ్గరికి పాట వినిపించడానికి వెళ్ళింది అక్క. నెల్లాళ్ళు సాధన చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వెళ్ళింది. ఒక్కతీ వెళ్ళడం బాగుండదని అమ్మ చిన్నదాన్ని తోడు పంపింది. అక్క పాడింది. మాస్టారు బాగుందమ్మా అన్నారు. ఆయనకి ఏం తోచిందో ఏమో, మూల కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్న పిల్ల వైపు తిరిగి, "నువ్వూ ఓ ముక్క పాడు" అన్నారు. అంతే. తోడెళ్ళింది గాయని అయింది, పాడ్డానికెళ్ళింది దానికి తోడైంది.

పోనీ చెల్లెలు గయ్యాళా అంటే అదీ కాదు. గయ్యాళైతే అక్క ఎంత సుఖపడేదో! నాలుగు తిట్లు తిట్టుకుని కడుపుమంట చల్లార్చుకునేది. అది మంచిది. మరీ మంచిది. అక్క మింగలేక కక్కలేక చచ్చేది.

ఆ ఏడాది మొదలుపెట్టిన ఆల్బమ్‌లో ఎనిమిది పాటలు. ఏడు గంతులేసేవి, అయిదోది మాత్రం మెల్లగా నడుస్తుంది. దాని ట్రాకు పాడాల్సిన రోజు పొద్దున్న చెల్లెలు ఒక వెండిరంగు గౌను పట్టుకొచ్చింది. ఆల్బమ్ అట్ట మీద బొమ్మకోసం కుట్టించింది.

"అక్కా, ఇది నాకు బిగుతైందే. నువ్వు తొడుక్కో, నీకు భలే ఉంటుంది."

లోకంలో పెద్దవాళ్ళు విడిచినవి చిన్నవాళ్ళు తొడుక్కుంటారు. మా ఇంట్లో అదీ తిరగబడిందా అనుకుంది అక్క. ఒళ్ళు మండిపోయింది. గౌను తలుపు వెనక కొక్కేనికి తగిలించి, ఆ మంటతోనే స్టూడియోకి వెళ్ళి, ఆ మంటతోనే పాడింది. ట్రాకు గాయని అసలు గాయనిలా పాడాలి, సొంత పోకడలు పోకూడదు. మొదటి చరణం వరకూ అలాగే చెల్లెలిలా పాడింది. రెండో చరణంలో ఆ సంగతే మరిచిపోయింది.

రెండు రోజుల తర్వాత చెల్లెలు వచ్చి తన వంతు పాడి వెళ్ళింది. రికార్డింగు ఇంజనీరు ఎప్పట్లాగే ఒక గొంతు తుడిచి చప్పట్లు ఎక్కించాడు. మర్నాడు మధ్యాహ్నం అందరూ కూర్చుని వినడం మొదలుపెట్టారు. అయిదో పాట రెండో చరణం దగ్గరికి రాగానే మాస్టారు కుర్చీలోంచి లేచారు.

"ఇదీ పాటంటే! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా ఈ గొంతు?" అన్నారు చెల్లెలితో.

అక్క చప్పున తలెత్తింది. చరణం మధ్యలో ఊపిరి తీసుకున్న చోటు తనది. ఇంజనీరు తుడవాల్సింది ఉంచి, ఉంచాల్సింది తుడిచేశాడు!

ఆ క్షణంలో అక్క ఏం కోరుకుందో చెబితే మీరు నమ్మరు. చెల్లెలు నోరు మూసుకుని ఆ పొగడ్త మింగెయ్యాలని కోరుకుంది. మింగిందా, ఇక జన్మంతా దాన్ని నిశ్చింతగా అసహ్యించుకోవచ్చు.

"మాస్టారూ, ఇది నేను కాదు. అక్క" అంది చెల్లెలు.

ఇంజనీరు మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నేను మళ్ళీ పాడను, ఇలాగే ఉంచండి. అట్ట మీద ఈ పాటకి అక్క పేరు వెయ్యండి. నేను చెప్తున్నాగా."

నేను చెప్తున్నాగా! ఆ ఒక్క మాట అక్క గుండెల్లో ముల్లులా దిగింది. అది చెప్తే పడుతుందట పేరు. అది విడిచిన గౌనూ, అది విడిచిన పాటా.

"నిజమేనామ్మా?" అని మాస్టారు అక్క వైపు తిరిగారు.

"కాదు మాస్టారూ. పాడింది అదే. నన్ను పైకి తేవాలని అలా అంటోంది."

"అవునండీ, నేను తుడిచింది అక్కగారి ట్రాకే" అన్నాడు ఇంజనీరు, బతుకుజీవుడా అనుకుంటూ. తేల్చుకుందామంటే రెండో గొంతు ఎక్కడుంది? చెల్లెలు నోరు తెరిచి, అక్క మొహం చూసి, మూసేసింది.

ఆల్బమ్ ఆ ఒక్క పాటతోనే ఇంటింటికీ వెళ్ళింది. మంగలి షాపులో అదే, బస్సులో అదే. అక్కని కట్టుకున్నవాడు కూడా గడ్డం గీసుకుంటూ అదే కూనిరాగం తీస్తూ, "మీ చెల్లెలి గొంతులో ఏదో ఉందే!" అనేవాడు. అక్క వంటింట్లో గిన్నెలు గట్టిగా కడిగేది. చేజేతులా పారేసుకున్నదాన్ని చూసి కుళ్ళుకోవడం ఎంత నరకమో ఆవిణ్ణి అడగాలి.

కచేరీల్లో జనం అయిదో పాట కావాలని గోల పెట్టేవారు. చెల్లెలు ఒక్కసారి కూడా పాడలేదు. "అది నాది కాదండీ, మా అక్క పాట" అనేది. నిజమే చెప్పేది. జనం మాత్రం ఆహా ఏం ప్రేమ, ఏం వినయం అని ఇంకా మురిసిపోయేవారు. వెనక కోరస్ వరసలో అక్క పళ్ళు కొరికేది.

ఒక రోజు కచేరీ మధ్య విరామంలో అక్క ఇక ఆగలేక, తెర వెనక చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"ఎందుకే అస్తమానం అలా చెప్తావు?"

"నిజం కనక. నువ్వెందుకు కాదన్నావే ఆ రోజు?"

"నువ్విచ్చావు కనక. నీదేనని నువ్వు ఊరుకుని ఉంటే, జుట్టు పట్టుకుని లాక్కునేదాన్ని."

 చెల్లెలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవతల జనం అయిదో పాట, అయిదో పాట అని అరుస్తున్నారు. చెల్లెలు చేతిలో మైకు అక్క ముందుకి చాపింది.

"రావే. నువ్వే పాడు. ఇవాళైనా వింటారు."

పాడాలని అక్కకి ప్రాణం కొట్టుకుపోయింది. మొదటి చరణం నోట్లోనే ఉంది. మైకు జానెడు దూరంలో ఉంది.

"నాకు గొంతు బాగాలేదు" అంది అక్క.