ఐదున్నరకి కూడా పలికాడు

మా వారి పేరు నరసింహమూర్తి. ముప్ఫయ్యేళ్లు కొల్లేటి గట్ల మీద చెరువులకు కాపలా కాశారు. మనిషి మెత్తన. ఎంత మెత్తనంటే, కూరలో ఉప్పు మర్చిపోతే పైకి ఒక్క మాట అనరు, డబ్బా పక్కన పెట్టుకుని చల్లుకు తింటారు. అలాంటి మనిషి జన్మకల్లా ఒకే ఒక్క అబద్ధం ఆడారు. ఆ అబద్ధానికి పన్నెండేళ్లు కాపలా కాసింది మాత్రం నేను. ముందే చెప్పేస్తున్నాను, తిట్టుకునేవాళ్లు తర్వాత తిట్టుకోవచ్చు.

అప్పట్లో ఆయన, జాకబ్ కలిసి ఒక రొయ్యల చెరువు చూసేవారు. పదెకరాల చెరువు. ఈ గట్టున ఈయన, అవతలి గట్టున జాకబ్. తెల్లవారుజామున నీళ్లలో గాలి తగ్గి రొయ్య ఉక్కిరిబిక్కిరవుతుంది కాబట్టి, నీళ్లు చిలికే ఫ్యాన్లు ఆగకుండా తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి. చలికాలంలో కొల్లేటి మంచు పట్టిందంటే పక్కనున్న మనిషి కనపడడు. అందుకని అరగంటకోసారి కేక వేసుకునేవారు. ఇటునుంచి "ఉన్నావా ఓయ్" అంటే అటునుంచి "ఉన్నానోయ్" అనాలి. జవాబు రాకపోతే చేతిలో పని వదిలేసి, గట్టు చుట్టి వెళ్లి చూడాలి. ఇది యజమాని పెట్టిన రూలు కాదు. తడి చేతులతో కరెంటు దగ్గర మెసిలేవాళ్లు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు.

క్రిస్మస్ ఇంకో మూడు రోజులుందనగా, మా వారు మూడున్నర కేక వేసి, జవాబు విని, గుడిసెలోకి వెళ్లి దుప్పటి కప్పుకున్నారు. రెండు నిమిషాలే అనుకున్నారు. కళ్లు తెరిచేసరికి ఆరు. పిలిస్తే పలుకు లేదు. కరెంటు మెయిన్ స్విచ్ ఆపేసి పరిగెత్తి వెళ్తే, జాకబ్ ఫ్యాన్ తీగ పట్టుకుని నీళ్లలో బోర్లా పడి ఉన్నాడు. ఒళ్లు చల్లబడిపోయింది. వేళ్లు బిగుసుకుపోయాయి.

ఆఖరిసారి ఎప్పుడు పలికాడని పోలీసులు అడిగితే, ఈయన వణుకుతూ "ఐదున్నరకి కూడా పలికాడండి" అన్నారు. ఇంటికొచ్చి నా ఒళ్లో తల పెట్టుకుని నిజం చెప్పారు. "నోరు మూసుకోండి. మీరు పడుకున్నారని తెలిస్తే, చంపింది మీరేనంటారు" అన్నాను. అవును, నేనే అన్నాను.

అంతటితో పోయినా బాగుండును. జాకబ్ భార్య కరుణమ్మ రోజూ ఐదింటికల్లా మొగుడికి ఫ్లాస్కులో టీ తెచ్చి, తెల్లారేదాకా గట్టు మీదే కూర్చునేది. ఆ రోజు రాలేదు. పండగనాడు కూడా డ్యూటీకి ఒప్పుకున్నాడని ముందురోజు పోట్లాడి, "నీకు టీ ఒకటి తక్కువ" అని ముసుగు తన్నింది. మరి మనిషి ఐదున్నరకి బతికే ఉన్నాడంటే ఏమిటి అర్థం? ఐదింటికి తను వెళ్లి ఉంటే దక్కేవాడని. ఆ మాట మేం అనలేదు, ఆమే అనుకుంది. మేం కాదనలేదు, అంతే. శవం దగ్గర ఆమె పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను. దొంగేడుపు కాదు, నిజంగానే ఏడ్చాను.

తర్వాత యజమాని చెరువు అమ్మేసుకున్నాడు. కరుణమ్మ కామవరపుకోటలో అన్నగారింటికి వెళ్లిపోయింది. మా వారికి మాత్రం రోజూ తెల్లవారుజామున నిద్రలో కేక వస్తుంది. "ఉన్నావా ఓయ్" అని అరిచి, లేచి కూర్చుని, చెవి ఒగ్గి వింటారు. నేను దుప్పటి సర్ది పడుకోబెడతాను. పన్నెండేళ్లలో ఒక్క రోజు తప్పలేదు.

ఇక మొన్నటి సంగతి. మా అబ్బాయి హేమంత్‌కుమార్ తాడేపల్లిగూడెంలో ట్రాక్టర్ల షోరూంలో చేస్తాడు. కోడలు సాయిప్రియ ఫోన్‌లో చూసి, క్రిస్మస్ సెలవులకని ఏదో రిసార్టులో చెక్క కేబిన్ బుక్ చేసింది. అక్కడ జారుడుబల్లలూ, అలలొచ్చే కొలనూ, గుడారాలూ ఉంటాయట, సాయంత్రం మంట చుట్టూ పాటలట. ఇంట్లో మంచాలుండగా డబ్బిచ్చి పాకలో పడుకోవడమేమిటే అన్నాను. ఏడేళ్ల మనవరాలు తేజస్వి "నువ్వు రాకపోతే నేనూ వెళ్లను నానమ్మా" అని కూర్చుంది. ఇంకేం చేస్తాను?

ఏలూరు దాటి కారు కొల్లేటి వైపు తిరిగింది. రోడ్డు పక్క కల్వర్టు దగ్గర ఇంతెత్తు ప్లాస్టిక్ గూడబాతు నోరు తెరుచుకుని ఉంది. దాని నోట్లోంచే కార్లు లోపలికెళ్లాలట. మా వారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"తులసీ, ఇది మన చెరువు తూము" అన్నారు.

చూద్దును కదా, నిజమే. చెరువు చాలావరకు పూడ్చేశారు. పడవ షికారుకని నడుమ కాస్త నీళ్లు ఉంచారు. ఇటు అలల కొలను, అటు వరసగా చెక్క ఇళ్లు. మాకిచ్చిన ఇల్లు అవతలి గట్టున, జాకబ్ గట్టున. లోకంలో ఇన్ని రిసార్టులుండగా మాకు ఇదే దొరకాలా! కోడలి ఫోన్ నీళ్లలో పారెయ్యాలనిపించింది. "ఏమైంది నాన్నా, అలా ఉన్నావు?" అని హేమంత్ అడిగితే, కారు పడలేదని చెప్పాను. వాడికి జాకబ్ పోయిన సంగతి తెలుసు గాని, నిజం తెలియదు.

మా వారు కేబిన్ వరండాలో కుర్చీలో కూర్చుని, కాళ్లు నేలకు ఆనించకుండా పైకి ముడుచుకున్నారు. కొలనులో అలలు లేపే మోటార్లు నీళ్లను తపతపా చిలుకుతున్నాయి. అచ్చం ఆ ఫ్యాన్ల చప్పుడే.

ఇంతలో తువ్వాళ్లు పట్టుకుని ఒకావిడ మెట్లెక్కింది. చీర మీద రిసార్టువాళ్ల ఆకుపచ్చ చొక్కా.

"ఓరి నాయనో! వదినగారండీ! మీరా అండీ!"

కరుణమ్మ. జుట్టు సగం నెరిసింది. తువ్వాళ్లు కుర్చీలో పడేసి నన్ను వాటేసుకుంది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

"ఇక్కడున్నావేమిటి కరుణమ్మా?" అన్నాను.

"ఏడాదైందండి, ఇక్కడ గదులు ఊడ్చే పనికి కుదిరాను. మా అన్నయ్య వద్దన్నాడండి. ఆయన పోయిన చోటు కదా, దగ్గరుంటే బాగుంటుందనిపించింది నాకు. రోజూ ఐదింటికి ముందే గట్టు మీదకి వచ్చేస్తానండి. పనికి రావాల్సింది ఏడింటికే అనుకోండి" అంది. ఆమె నవ్వుతూనే చెబుతోంది. తర్వాత మా వారి వైపు తిరిగింది. "ఏం లాభమండీ, అన్నయ్యగారూ? ఆ ఒక్క రోజు రావలసింది. ఐదున్నరకి కూడా పలికాడన్నారు మీరు. టీ కోసం గట్టు వంక చూస్తూ చూస్తూ పోయి ఉంటాడండి."

మా వారి పెదవులు కదిలాయి. నేను వెంటనే అందుకుని, "ఆయనకి ఒంట్లో బాగాలేదమ్మా, సాయంత్రం మాట్లాడుకుందాం" అని ఆమెను పంపేశాను. ఆమె అలా మెట్లు దిగిందో లేదో, నేను ఆఫీసు గదికి వెళ్లి, మా గదికి వేరే మనిషిని పంపమని అడిగాను. అక్కడి అబ్బాయి ఎంతో మర్యాదగా, "కరుణమ్మగారే బాగా చేస్తారండి" అన్నాడు. నీ మర్యాద తగలెయ్య అనుకుని వచ్చేశాను.

సాయంత్రం ఆరయ్యేసరికి నీళ్ల మీద మంచు దిగింది. అబ్బాయీ కోడలూ మంట దగ్గరికి వెళ్లారు. అవతలి గట్టు మాయమైపోయింది. వరండాలో మేమిద్దరం, తేజస్వి. పిల్లకి తోచడం లేదు. కటకటాల మీదకి ఎక్కి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, ఉన్నట్టుండి గట్టిగా అరిచింది.

"ఉన్నావా ఓ...య్!"

సెలవులకి వచ్చినప్పుడల్లా తాత పక్కలో పడుకుంటుంది కదా, ఆయన నిద్రలో వేసే కేకే. నేను చెయ్యెత్తి ఆపేలోపల మంచులోంచి, అవతలి నుంచి, జవాబు వచ్చింది.

"ఉన్నా...నోయ్!"

మొదట సాగదీసి, చివర తుంచినట్టు. జాకబ్ అలాగే అనేవాడు. దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు, ఆ క్షణం వరకూ లేదు. తేజస్వి చప్పట్లు కొట్టి మళ్లీ పిలవబోతే నోరు మూసేశాను.

మా వారు కుర్చీలోంచి లేచి నీళ్ల వైపు చూస్తున్నారు. భయపడలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"అది మూడున్నర జవాబు తులసీ," అన్నారు. "తర్వాత నేను పిలవలేదు. పిలుస్తానని చూస్తున్నాడు."

పిల్లను వాళ్ల అమ్మ దగ్గర దిగబెట్టి వచ్చాను. వచ్చేసరికి ఆయన మంచం మీద కూర్చుని, "రేపు పొద్దున్న చెప్పేస్తాను" అన్నారు.

"చస్తే చెప్పనివ్వను. కొరివితో తల గోక్కుంటారా? మీరు చెబితే పోయినవాడు లేచొస్తాడా?"

"పోయినవాడి గురించి కాదే. ఆవిడ రోజూ ఐదింటికి వస్తోంది."

"అబ్బాయి మీ మొహం చూస్తాడా తర్వాత? కోడలేమనుకుంటుంది? ఊరు?"

"ఇన్నాళ్లూ నువ్వు చెప్పినట్టే విన్నాను కదా" అన్నారు. అంతే. ఆ మాటలో కోపం లేదు. కోపముంటే నాకు జవాబు ఉండేది.

పొద్దున్నే నేను ఆయన్ను మనవరాలితో కొలనుకి తోలేశాను. ఎనిమిదింటికి కరుణమ్మ ఉతికిన దుప్పట్లతో వచ్చింది. గుమ్మానికి అడ్డం నిలబడి, "మార్చక్కర్లేదమ్మా, శుభ్రంగానే ఉన్నాయి" అన్నాను.

"మార్చకపోతే ఊరుకోరండి" అని పక్కనుంచి లోపలికి దూరింది. పాత దుప్పటి లాగుతూ, "నిన్న సాయంత్రం ఇటునుంచి ఎవరో పిల్ల పిలిచిందండి, వదినగారూ. నేను అటు బట్టలు తీస్తున్నాను. ఆయన మాటే నా నోట్లోంచి వచ్చేసింది. నాకే సిగ్గేసిందండి" అంది.

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. దెయ్యం కాదు, మనిషే! నవ్వబోయాను. వెనక్కి తిరిగి చూస్తే మా వారు గుమ్మంలో ఉన్నారు. పంచె మోకాళ్లదాకా తడిసి ఉంది. తేజస్విని వాళ్ల నాన్నకి అప్పగించి వచ్చేశారు.

"ఏవండీ, వద్దు" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "కరుణమ్మా, ఐదున్నరకి జాకబ్ పలకలేదమ్మా. నేను పిలవనే లేదు. మూడున్నర తర్వాత పడుకుని ఆరింటికి లేచాను. భయపడి అబద్ధం చెప్పాను" అన్నారు.

ఆమె దిండు గలీబు సగం తొడిగింది. సగంలోనే ఆగిపోయింది. బయట మోటార్లు నీళ్లు చిలుకుతూనే ఉన్నాయి.

"మీరు చూసినప్పుడు ఒళ్లు చల్లగా ఉందాండీ?" అని అడిగింది.

"చల్లగా ఉందమ్మా. వేళ్లు బిగుసుకుపోయాయి. ఐదింటికి చాలా ముందే పోయాడు. నువ్వు టీ తెచ్చినా..."

"టీ కోసం చూడలేదన్నమాట" అంది. దిండు ఒళ్లో పెట్టుకుని కింద కూలబడి ఏడ్చింది. ఎంతసేపో తెలియదు. పన్నెండేళ్ల క్రితం ఏడ్చిన ఏడుపు కాదది. బరువు దించినవాళ్లు ఆయాసం తీర్చుకుంటారే, అలా ఏడ్చింది. మా వారు గోడకి ఆనుకుని నిలబడి తనూ ఏడ్చారు. చివరికి ఆమె కళ్లు తుడుచుకుని, "మీరు బయటికెళ్లండి అన్నయ్యగారూ. ఇప్పుడు మిమ్మల్ని చూడలేనండి" అంది. ఆయన వెళ్లారు.

నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకుంటే నేనెందుకవుతాను? "ఆయన పిరికి మనిషి కరుణమ్మా, క్షమించు" అన్నాను.

కరుణమ్మ లేచి మంచం దగ్గరికి వెళ్లింది. కొత్త దుప్పటి దులిపి పరిచి, నాలుగు మూలలూ పరుపు కిందకి బిగించి దోపింది.

"మీకు తెలుసాండీ?" అని అడిగింది.

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. ఎప్పటికప్పుడు సిద్ధంగా ఉండేదే. కానీ బయటికి రాలేదు. "ఆ రోజే తెలుసు" అన్నాను.

"అన్నయ్యగారు భయపడ్డారు, సరే" అంది కరుణమ్మ. గొంతు పెంచలేదు. "మీరు నా పక్కన కూర్చుని, నా తల మీ భుజాన పెట్టుకుని ఏడ్చారు కదండీ. ఐదింటికి వెళ్లి ఉంటే బతికేవాడు వదినా అని నేను తల బాదుకుంటుంటే, నా చేతులు పట్టుకున్నారు కదండీ."

నోరున్న మనిషినని ఊళ్లో పేరు నాకు. మంచికీ చెడ్డకీ ముందు నా నోరే లేస్తుంది. ఆ పూట అది లేవలేదు. పాత దుప్పట్లు చంకన పెట్టుకుని, టిఫిన్ పదింటిదాకా ఉంటుందని అందరికీ చెప్పే మాట చెప్పి, ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఖాళీ చేసేదాకా నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆమె పరిచిన మంచం మీద కూర్చోలేక కింద చెక్కల మీద కూర్చున్నాను.