మా అక్క తిట్లకు చెదరని ఫోటో

ఆ రోజుల్లో ఇంట్లో ఏది పాడైనా నా వల్లేనని నమ్మేసేదాన్ని. మా ఆయన చనిపోయిన ఏడాదే, డండాక్ అనే పరాయి దేశపు ఊళ్లో కంప్యూటరు చదువు చదువుతున్న మా అమ్మాయి దగ్గరికి కొత్తగా వచ్చాను. (నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే రాస్తున్నదీ అదే, నవ్వుకుంటూ.) దాని కంప్యూటరులో వాళ్ల నాన్న పాత ఫోటోను శుభ్రం చేసే ప్రోగ్రాము నడిచేది. నా ఫోను మాటలూ ఆ కంప్యూటరు గుండానే పోయేవి. గుంటూరులోని మా అక్కకు కాల్ చేశానా, ఆయన ముఖం నిండా రంగు చుక్కలే! (బతికున్నప్పుడూ ఆయనకు మా అక్క మాటలు పడేవి కావు.)

"నువ్వు మాట్లాడినప్పుడల్లా పాడైపోతోందమ్మా" అంది అమ్మాయి. భయపడి అక్కకు ఫోన్ చేయడమే మానేశాను.

జుట్టు పీక్కుని పీక్కుని చివరికి అమ్మాయే కారణం పట్టుకుంది. కంప్యూటరులో ఒకేసారి బోలెడు అంకెలు పట్టే వెడల్పాటి అరలుంటాయట, వెక్టర్ రిజిస్టర్లని. ఫోటో లెక్కలు వాటిలో ఉండగా మా మాటలొచ్చి పడతాయి. కంప్యూటరుకు పెత్తనం చేసే కెర్నల్ ఆ లెక్క మధ్యలో ఆపి, ఎవరూ వినకుండా మా మాటలకు తాళం వేయడానికీ తీయడానికీ అవే అరలు వాడుకుంటుంది. ముందు పాత అంకెలు తీసి దాచాలి, పనయ్యాక ఎక్కడివక్కడ పెట్టాలి. ఆ తాళం వేసే ప్రోగ్రామును చదువులో భాగంగా రాసింది అమ్మాయే, అందులో ఆ దాచడమే మరిచిందట. దిద్దుకుంది.

పరీక్ష రోజున ప్రొఫెసరు, ఫోటో ప్రోగ్రాము నడుస్తుండగా అక్కకు అదే కాల్ చేసి చూపించమన్నాడు. చుక్క పడితే పట్టా రాదు. అక్క ఫోనెత్తింది గానీ పలకదు. నెలగా మాట్లాడలేదని అలక.

"అక్కా, పిల్ల పరీక్షే. ఏదో ఒకటి మాట్లాడు."

"ఊఁ."

మాటలు ధారగా పోతేనే కదా పరీక్ష, ఒక్క ఊఁతో గట్టెక్కుతుందా? తెగించాను. "నీ గోంగూర పచ్చడి కన్నా నీ తోడికోడలిదే బాగుంటదని మా ఆయన అంటుండేవాడే."

"ఏందే, ఏం కూశావు? గిన్నె నాకిందాకా లేవని మనిషా ఆ మాటన్నది? నీకు సిగ్గుండాలే!"

ఇక ఆగలేదు. ప్రొఫెసరు బెదిరిపోయి, ఆవిడ ఏమంటోందని అడిగాడు.

"దీవిస్తోంది సార్" అంది అమ్మాయి, తొణక్కుండా.

తెర మీద మా ఆయన ముఖాన ఒక్క చుక్క లేదు. "గ్రాండ్!" అన్నాడు ప్రొఫెసరు. నాకు కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు అమ్మాయికి పెద్ద ఉద్యోగం. దాని పనేమిటని ఎవరడిగినా నేనే చెబుతాను, కెర్నల్ దగ్గర మొదలుపెట్టి. వినేవాళ్ల టీ చల్లారిపోతుంది. ఇంత గొంతు పెట్టుకుని, నా నోరే యంత్రాన్ని చెడగొడుతోందని ఆ నెలంతా వంటింట్లో కూడా గుసగుసలాడిన మనిషిని తలచుకుంటే జాలేస్తుంది, నవ్వూ వస్తుంది. ఎంత పిచ్చిదో, పాపం.